పుల్ల మునిగాక తెప్ప ఎక్కాం

నా చేతిరాత బాగుండదు, తప్పులూ ఉంటాయి, మన్నించండి. ముసునూరు దగ్గర పల్లెలో ఏడో తరగతితో నా చదువు ఆగింది. నేను నోటుబుక్కులో రాసిస్తే మా మనవరాలు శ్రావణి తన బ్లాగులో ఎక్కిస్తోంది. దిద్దొద్దన్నాను. వయసు మళ్లినవాళ్లెవరైనా వేసవి చివర్లో నది మీద రాఫ్టింగుకి వెళ్లాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

మా తోటలో మామిడి కోత మే మూడో వారానికి అయిపోతుంది. ఆఖరి లోడు నూజివీడు వెళ్లాక నేనూ మా ఆవిడ నాగరత్నం నాలుగు రోజులు ఎటైనా వెళ్తాం. ఎటు వెళ్లాలో ఒక ఏడు నేను చెబుతాను, ఒక ఏడు ఆమె చెబుతుంది. నా వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒక గుడి పేరే చెబుతాను. ఈసారి వంతు ఆమెది. ఆమె పుట్టింది కృష్ణ మధ్యనున్న లంక ఊళ్లో. నలభై రెండేళ్ల కింద మా మెట్టకి కాపురానికొచ్చాక మళ్లీ ఈత కొట్టలేదు. "పరిగెత్తే నీళ్ల మీద ఒక్కసారి వెళ్లాలండీ. మీ ఊళ్లో నీళ్లంటే గోలెంలో చూట్టమే," అంది. నాకు నీళ్లంటే భయం. అది ఆమెకీ తెలుసు. అయినా కాదనడానికి నాకు నోరు రాలేదు.

నదిని ఎంచే పని నాకు పెట్టింది. శ్రావణి ఫోనులో చూసి మూడు చెప్పింది. పాపికొండల గోదావరి దగ్గరే కానీ అక్కడిది లాంచీ షికారు, మా ఆవిడ అడిగింది అది కాదు. రిషీకేశ్ గంగకి వెళ్లాలంటే రైల్లోనే రెండు రాత్రులు. పైగా ఎండలు ముదిరేకొద్దీ పైన మంచు కరిగి నీళ్లు పెరుగుతాయట. ఆ పెరుగుడు ఎవరి చేతిలోనూ ఉండదు. మూడోది కర్ణాటకలో దాండేలి దగ్గర కాళీ నది. పైన డ్యాము ఉంది. కరెంటు తీయడానికి నీళ్లు వదిలితే ఆ నీళ్ల మీద తెప్పలు నడుపుతారు. అది వినగానే నా మనసు కుదుటపడింది. గేటున్న నీళ్లని నమ్మొచ్చు, దించితే ఆగుతాయి. సాగర్ కాలువ చివర ఎకరన్నర వరి చేసేవాణ్ణి, నాకు తెలిసిన నీళ్లు అవే. కాళీ నది ఖాయం చేశాను. గేటు ఎత్తకపోతే ఏమిటన్నది మాత్రం, కాలువ చివరివాణ్ణయి ఉండీ ఆలోచించలేదు.

మే ఆఖరి వారం. మధ్యాహ్నం మూడింటికి నూజివీడులో బస్సెక్కితే గంటన్నరకి బెజవాడ. అక్కడ సాయంత్రం ఏడు దాటాక హుబ్బళ్లి రైలు, స్లీపరుకి మనిషికి నాలుగు వందల చిల్లర. పొద్దున దిగి, ఇడ్లీ తిని, బస్సులో దాండేలి చేరేసరికి ఒంటిగంట. తెప్పలు నడిపే గణేశగుడికి అక్కణ్ణుంచి ఆటోలో ముప్పావుగంట. ఎవరింటికని ఆటో అతను హిందీలో అడిగితే మా ఆవిడ తెడ్డు వేస్తున్నట్టు చేతులాడించింది. అతను అద్దంలో నన్ను చూసి తల ఊపాడు. వయసు సంగతి శ్రావణి ముందే ఫోను చేసి మాట్లాడింది. పెద్ద రైడుకి మమ్మల్ని తీసుకోం అన్నారు. బీపీ, గుండెజబ్బు లేవంటే చిన్న రైడుకి ఒప్పుకున్నారు, మనిషికి ఎనిమిది వందలు.

మరునాడు ఎనిమిదింటికి నది ఒడ్డుకి వెళ్లాం. నదంతా రాళ్లు తేలి ఉంది. తెప్ప నడిపే బసవ బళ్లారి వైపువాడు, తెలుగు బాగానే వచ్చు. పైన నీళ్లు ఇంకా వదల్లేదని, ఎప్పుడు వదులుతారో తెలియదని, మూడు దాటితే ఇక తెప్ప దింపనని చెప్పాడు. మా తిరుగు రైలు ఆ మర్నాడే. నిజం చెబుతున్నాను, నాకు లోపల హాయిగా అనిపించింది. నేను గట్టునే ఉంటానని రాత్రి అంటే, మీరు ఎక్కకపోతే నేనూ ఎక్కనని ఆమె భీష్మించింది. ఇప్పుడు ఆ గొడవే లేదు.

పదకొండు దాకా చూసి, మాతోపాటు వచ్చిన హైదరాబాదు కుర్రకారు అడవి చూడటానికి జీపెక్కి పోయారు. నాగరత్నం లేచి చీర దులుపుకుంది. "పదండి పోదాం, నది చూశాంగా," అంది, నా వైపు చూడకుండా. అలా అందంటే ఇక జన్మలో అడగదని నాకు తెలుసు. నా హాయి అక్కడితో పోయింది.

"కూర్చో," అన్నాను.

కాలువ చివర మాకో అలవాటుంది. వంతు రోజు నీళ్లు రాకపోతే ఇంటికి వెళ్లం. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి గట్టున కూర్చుంటాం. పుల్ల మొదలు తడిస్తే నీళ్లు వస్తున్నట్టు. ఓపిక చాలక ఇంటికెళ్లినవాడి వంతు పక్కవాడికి పోతుంది. వెదురు పుల్ల విరిచి, కాళీ అంచున జానెడు ఎడంగా పొడి ఇసుకలో గుచ్చాను.

బసవ నవ్వాడు. "తాతా, వదిలితే పైనుంచి ఫోనొస్తుంది. పుల్లెందుకు?"

"ఫోను నీకొస్తుంది. నాకు రాదుగా."

సంచిలో చిన్నరసాలు ఆరు తెచ్చుకున్నాం. బసవ కత్తి తీస్తే మా ఆవిడ ఆ కత్తి లాక్కుని, రసాన్ని కోసేవాణ్ణి నీళ్ల మీద ఎలా నమ్మమంటావని, నలిపి పీల్చడం నేర్పింది. పన్నెండైంది. ఒంటిగంటైంది. నేను పుల్ల మీంచి చూపు తిప్పలేదు. ఒకటిన్నరకి కాస్త ముందు రాళ్ల సందుల్లో ఎండాకులు, వాటి వెనక నురగ వచ్చాయి. మా కాలువలోనూ ముందొచ్చేవి అవే. పుల్ల మొదలు నల్లబడింది.

"బసవా, వస్తున్నాయి."

అతను లేచి చూస్తుండగానే ఫోను మోగింది. పావుగంటలో పుల్ల మునిగింది, రాళ్లూ మునిగాయి. "ఎక్కుతారా?" అంది నాగరత్నం, హెల్మెట్ చేతిలో పట్టుకుని. నీళ్లని పిలిచినవాణ్ణి నేనే, ఇంకేం చెప్పి గట్టున ఉంటాను?

మొదటి దూకుడుకే తెప్ప ముక్కు కిందికెళ్లి నోట్లో నీళ్లు పోయాయి. మే నెలైనా చల్లగా ఉన్నాయి. నేను తెడ్డు వదిలి తాడు పట్టుకున్నాను. "అది తెడ్డండీ, ఊతకర్ర కాదు," అని వెనక నుంచి మా ఆవిడ. మూడు దూకుళ్లు దాటాక నిలకడ నీళ్లొచ్చాయి. దిగేవాళ్లు దిగొచ్చని బసవ అన్నాడో లేదో ఆమె నీళ్లలోకి జారిపోయింది. లైఫ్ జాకెట్ ఎలాగూ తేలుస్తుంది, అయినా బారలు వేసింది. ఒకటీ రెండూ తడబడింది, మూడోది కుదిరింది. తిరిగొచ్చి తాడు పట్టుకుని నన్ను రమ్మంది. నేను కాళ్లు మాత్రం నీళ్లలో పెట్టాను.

తిరుగు రైల్లో నాకు కంటినిండా నిద్ర పట్టింది. క్షేమంగా ఒడ్డెక్కినందుకు కాదు. పదకొండింటికి "పద" అనకుండా "కూర్చో" అన్నందుకు. నీళ్ల సంగతి నాకు తెలియదని ఇన్నాళ్లూ అనుకున్నాను. కనిపెట్టుకుని కూర్చోవడం తెలుసు. ఆ రోజుకి అది చాలింది. మీరు వెళ్లేటట్టయితే ఒక్క మాట: డ్యాము కింద నదిని ఎంచుకుంటే నీళ్లు వదులుతారో లేదో ముందురోజు సాయంత్రమే ఫోను చేసి కనుక్కోండి, తిరుగు రైలుకి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. మేం ఉంచుకోలేదు.

పై ఏడు వంతు నాది. గుడి పేరు చెప్పదలుచుకోలేదు. మా వయసువాళ్లని ఎక్కించుకునే నది ఇంకేదైనా మీకు తెలిస్తే రాయండి. ఎవరైనా రాశారా అని ఆమె రోజూ పొద్దున్నే శ్రావణిని అడుగుతోంది, కాస్త త్వరగా రాయండి.