పన్నెండో పేరు

ఇండియానాలో మా ఊరు బ్రాన్సన్ ఫోర్క్. అక్కడ వెర్లిన్ స్ట్రౌడ్ కటింగ్ షాపులో రెండో కుర్చీ నాది. పంతొమ్మిదేళ్లు అతని పక్కనే కత్తెర ఆడించాను.

ఏటా వసంతంలో హైస్కూలు బాస్కెట్‌బాల్ పోటీలు ముగిశాక, రాష్ట్రం మొత్తం మీద ఆఖరి తరగతి కుర్రాళ్లలో పన్నెండు మందిని ఆల్‌స్టార్ జట్టుకు ఎంపిక చేస్తారు. జూన్‌లో ఆ జట్టు పక్క రాష్ట్రం కెంటకీ జట్టుతో ఆడుతుంది. ఆ పన్నెండు పేర్లూ ముందే ఊహించి రాసి షాపు అద్దానికి అంటించేవాడు వెర్లిన్. చలికాలమంతా ఊరూరా కారులో తిరిగి మ్యాచ్‌లు చూసేవాడు. పదికి తగ్గకుండా నిజమయ్యేవి. ఒక ఏడాది పన్నెండూ నిజమయ్యాయి. ఆ తర్వాత అతన్ని పట్టలేకపోయాం. కొడుకు పేరు లేదని ఎవరైనా చిన్నబోతే ముఖం మీదే అనేవాడు:

"మీవాడివి కాళ్లా, సిమెంటు దిమ్మలా? ఇది జట్టయ్యా, పెళ్లి విందు కాదు, అందర్నీ పిలవడానికి."

షాపంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

1974లో అతని కొడుకు డారెల్ ఆఖరి తరగతికొచ్చాడు. పొడగరి, నెమ్మదస్తుడు. మ్యాచ్‌కు ఇరవై పాయింట్లకు తగ్గేవాడు కాదు. జాబితా అంటించిన శనివారం అందరూ పైనుంచి కిందికి చదివారు. డారెల్ పేరు లేదు.

"మనవాడేడి?" అన్నాడు దాణా కొట్టు హార్లన్.

"గట్టి మ్యాచ్‌లో వాడి చెయ్యి వణుకుతుంది. కొడుకని అబద్ధం రాయమంటావా?"

ఎవరో చప్పట్లు కొట్టారు. వెర్లిన్ ముఖం వెలిగిపోయింది. అప్పుడే తండ్రికి భోజనం తెచ్చిన డారెల్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. సోమవారం నుంచి బడిలో అతను కనిపిస్తే చాలు, పిల్లలు చేతులు చాచి వణికించేవారు.

రెండు వారాల తర్వాత పేపర్లో అసలు జాబితా వచ్చింది. పన్నెండో పేరు డారెల్ స్ట్రౌడ్. తల్లి ఆర్డిత్ పేపరు పట్టుకుని పరుగున వచ్చింది.

"వెర్లిన్! మనవాడు! చూడు, మనవాడే!"

అతను వేలు పెట్టి మొదటినుంచీ చదివాడు. "పదకొండే," అన్నాడు.

"ఏమిటి పదకొండు?"

"నావి పదకొండే నిజమయ్యాయి. వీడొచ్చి చెడగొట్టాడు."

ఆమె చేతిలోని పేపరు మెల్లగా కిందికి దిగింది.

జూన్ మ్యాచ్‌లో డారెల్‌ను నాలుగు నిమిషాలు ఆడించారు. ఎవరూ అడ్డురాకుండా గీత దగ్గర నిలబడి బుట్టలో వేసే ఫ్రీ త్రోలు రెండు దొరికితే, రెండూ గురి తప్పాయి. సోమవారం షాపు కిటకిటలాడుతోంది. కారు తాళం కోసం డారెల్ వచ్చాడు. హార్లన్ గడ్డానికి నురగ రాస్తూ వెర్లిన్ గొంతు పెంచాడు:

"చెప్పానా, లేదా? ఎంపిక చేసినవాళ్లకు కళ్లు లేవు."

"ఊరుకో వెర్లిన్, పిల్లాడు వింటున్నాడు," అన్నాడు హార్లన్.

"వినాలనే!"

డారెల్ తండ్రినే చూశాడు. "అవును నాన్నా, వణికింది. రెండోది వెయ్యబోతుంటే నువ్వు తల అడ్డంగా ఊపుతూ కనిపించావు."

నేను తల దించుకుని కత్తెర ఆడిస్తూనే ఉన్నాను.

ఆ వేసవిలోనే డారెల్ మన్సీ పట్నం వెళ్లి ఫ్యాక్టరీలో చేరాడు. పదేళ్లకు వెర్లిన్‌కు పక్షవాతం వచ్చింది. తల్లి బతిమాలితే డారెల్ ఒక్కసారి ఆసుపత్రికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. వంకరపోయిన నోటితో తండ్రి అడిగాడు:

"ఈ ఏడాది... ఎవరెవరు?"

"తెలీదు నాన్నా. ఆట చూడటం మానేశాను."

వెర్లిన్ కష్టం మీద నా వైపు తిరిగాడు. "వీడికి ఆట ఎప్పుడు తెలుసు గనక? నువ్వు పేపరు పట్రా."

నేను తెచ్చేసరికి డారెల్ కోటు తొడుక్కుంటున్నాడు. ఆ తర్వాత తండ్రి అంత్యక్రియలకు కూడా రాలేదు.