వియ్యాలవారి కోసం కోసిన గడ్డి

తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. ఇన్నేళ్ళుగా లోకం వాణ్ణి చూసి నవ్వుతోంది గాని, నా కథ వింటే వాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి క్షమాపణ చెప్పుకుంటుంది. వాడికి కనీసం దూడంటూ ఒకటుంది. నాకు దూడా లేదు, ఆ గడ్డీ నాది కాదు. అయినా కోశాను. కోసి, బంగారంలాంటి ఓ పిల్ల నిశ్చితార్థాన్ని ఏ గంగలో కలిపానో చెబుతాను, వినండి.

అప్పటికి నేను యాభై దాటిన కుర్రవాణ్ణి. ఇప్పుడు తీరిగ్గా వెనక్కి చూస్తే ఆ మనిషిని పట్టుకుని చెంప పగలగొట్టాలనిపిస్తుంది. చెంప నాదే కాబట్టి ఊరుకుంటున్నాను.

అమెరికాలో, ఎడిసన్ అనే ఊళ్ళో మా పక్కిల్లు వసంతగారిది. ఆవిడ పెరట్లో గులాబీలు లేవు, వంగ లేదు, బెండ లేదు. గడ్డి పెంచుతుంది. అక్షరాలా గడ్డే. ఈ దేశంలో దాన్ని కుండీల్లో పెట్టి, మెడలో పేరు కట్టి అమ్ముతారు. మనవాళ్ళు క్యూ కట్టి కొంటారు. నేనేమో పదో తరగతితో బడికి దణ్ణం పెట్టి, తక్కిన చదువంతా లైబ్రరీలో సొంతంగా చదువుకున్నవాణ్ణి. అలా చదువుకున్నవాళ్ళకి ఒక జబ్బుంటుంది. తెలిసింది చెప్పడంతోనే సరిపోతుంది గాని, ఎదుటివాళ్ళు చెప్పేది వినడానికి ఖాళీ ఉండదు.

ఒక సాయంత్రం ఆవిడ నాకు తన తోట చూపించింది.

"అన్నయ్యగారూ, ఇది మిస్కాంథస్. ఆ వెండి కుచ్చులు చూడండి, ఎంత బాగున్నాయో!"

"అమ్మా, ఇది మన రెల్లు. గోదావరి లంకల్లో దీంతో పాకలు కప్పుతారు."

"ఇది ఫౌంటెన్ గ్రాస్."

"సజ్జకి పినతల్లి కూతురు. గింజ పెట్టడం మరిచిపోయిన సజ్జ."

"ఇది ఫెదర్ రీడ్ గ్రాస్. గాలొచ్చినా వాలదు. చలి వదలకముందే చిగురేస్తుంది కాబట్టి దీన్ని అన్నిటికంటే ముందు కత్తిరించాలి. మిస్కాంథస్‌కి అంత తొందర లేదు, చలికాలమంతా అలాగే ఎండి నిలబడి, వసంతంలో కోయించుకుంటుంది. ఇదిగో, ఈ నీలం ఫెస్క్యూ ఉందే, దీన్ని మాత్రం మొదలంటా కొయ్యకూడదు. ఎండిన పోచల్ని వేళ్ళతో దువ్వి తీసెయ్యాలంతే."

"దువ్వుతారా? నూనె రాసి జడ కూడా వేస్తారా?"

ఆవిడ నవ్వేసింది. "ఏ గడ్డి మర్యాద దానిదండీ" అంది. ఆ మర్యాదలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. మధ్యలో నిలవడానికి అక్కడ చోటుంటే కదా!

నవంబరులో వసంతగారి అమ్మాయి నీలిమకి షామ్‌బర్గ్ అనే ఊరి కుర్రాడు రోహన్‌తో సంబంధం ఖాయమైంది. వీళ్ళంతా కుర్రాడి ఇంటికి వెళ్ళి, వాళ్ళని వెంటబెట్టుకుని శనివారానికి తిరిగొస్తారు. నిశ్చితార్థం ఇక్కడే, పెరట్లో. బయల్దేరుతూ వసంతగారు తాళం నా చేతిలో పెట్టింది. "మెయిల్ తీసి లోపల పెట్టండి అన్నయ్యగారూ, చాలు. ఇంకేం చెయ్యొద్దు." గుమ్మం దాటాక వెనక్కి తిరిగి మళ్ళీ అంది, "నిజంగానే, ఇంకేం చెయ్యొద్దు."

మర్నాడు మెయిల్ తీసి, పెరట్లోకి తొంగి చూశాను. గడ్డంతా నిలువునా ఎండి, పండిన వరిచేనులా పసుపుబారి, గాలికి గలగలమంటోంది. ఇంటికొచ్చి మా ఆవిడ సుభద్రని కేకేశాను.

"చూశావుటే! కాబోయే వియ్యాలవారు అడుగుపెట్టే పెరట్లో ఎండు గడ్డి! పండిన చేను కొయ్యకుండా వదిలేస్తే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఇంటిల్లిపాదీ మంచాన పడ్డారనుకోరూ?"

"ఎవరేమనుకుంటే మీకెందుకండీ? ఆవిడ ఉత్తరాలు తియ్యమంది, ఊడ్చిపెట్టమనలేదు."

"చెప్పాక చేస్తే అది సాయమెలా అవుతుంది?"

ఈ మాట అన్నప్పుడు నా ముఖంలో వెలిగిన తేజస్సు చూసి తీరాలి. మూర్ఖత్వానికీ కాంతి ఉంటుంది సుమండీ.

వాళ్ళ గరాజులోంచే వాళ్ళ కరెంటు కత్తెర తీసి, వాళ్ళ గడ్డి మీద పడ్డాను. మిస్కాంథస్ నా చేతులు కోసింది, నేను దాన్ని కోశాను. ఫౌంటెన్‌ని కోశాను. ఫెదర్ రీడ్‌ని కోశాను. చివరికి ఆ నీలం ఫెస్క్యూ వరస చేరి, తిరపతి మంగలిలా అన్నిటికీ గుండు కొట్టాను. కోసినదంతా పనలు కట్టి వీధిలో పెడితే, మర్నాడు చెత్త బండి వచ్చి పట్టుకుపోయింది. నడుం మీద చేతులుంచుకుని ఖాళీ నేలని చూసుకుంటూ, ఇప్పుడు కదా పెళ్ళికళ వచ్చింది అనుకున్నాను.

శుక్రవారం పొద్దున నీలిమ ఫోన్ చేసింది. ఇక్కడ పుట్టిన పిల్ల, తెలుగుని ముద్దుముద్దుగా నమిలి మాట్లాడుతుంది.

"అంకుల్, అమ్మ గ్రాసెస్ ఓకేనా? ఫొటోస్ అన్నీ వాటి ముందే! ఆ గోల్డ్ కలర్ ఉంటుంది అని మేము నవంబర్ పిక్ చేసుకున్నాం. అమ్మ ఫోర్ ఇయర్స్ పెంచింది, యు నో? నాకు ఆ ఒక్కటే కావాలి అంకుల్, డెకరేషన్ కూడా వద్దన్నాను."

"దివ్యంగా ఉన్నాయమ్మా" అన్నాను.

"వాయిస్ ఏంటి అలా ఉంది? కోల్డ్ చేసిందా?"

"చేసిందమ్మా. ఒళ్ళంతా చల్లబడింది."

ఫోన్ పెట్టి సుభద్ర వైపు చూశాను. ఆవిడ క్యాలెండరు తెచ్చి శనివారం మీద వేలు పెట్టింది. పెళ్ళయిన నాటి నుంచీ నన్ను భయపెట్టింది ఆవిడ మాటలు కావు, ఇలాంటి వేళ్ళే.

చివరికి ఒక ఉపాయం తట్టింది. హైవే పక్క బురద మడుగుల్లో మనిషెత్తున పిచ్చిరెల్లు పెరుగుతుంది, తలమీద బూడిదరంగు కుచ్చులతో. కారేసుకుని వెళ్ళాం. నేను మోకాలిలోతు బురదలో దిగాను. సుభద్ర కారులోంచి కదల్లేదు.

"వచ్చి పట్టుకోరాదూ!"

"నేను దిగను. పోలీసులు ఆపితే ఈయనెవరో నాకు తెలీదంటాను."

ఆ రెల్లు తెచ్చి, కోసిన మోళ్ళ మధ్య గుచ్చి, తీగలతో బిగించాను. నీలం గుండ్ల మీద రాలిన మేపుల్ ఆకులు కప్పాను, టోపీలు పెట్టినట్టు. దూరం నుంచి చూస్తే వసంతగారి తోటే. దగ్గరికొస్తే మాత్రం పెళ్ళికి అద్దెకు తెచ్చిన బంధువుల్లా ఒకదానికొకటి సంబంధం లేదు.

శనివారం అందరూ దిగారు. వసంతగారు పెరటి గుమ్మంలో నిలబడి కళ్ళు చికిలించింది.

"అన్నయ్యగారూ, ఇవి కాస్త ఎత్తు పెరిగినట్టు లేవూ?"

"రోజూ పలకరించానమ్మా."

ఉంగరాలు మార్చుకునే గడియ వచ్చింది. పిల్లా పిల్లాడూ గడ్డి ముందు నిలబడ్డారు. ఫొటోగ్రాఫరు వంగాడు. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. పిచ్చిరెల్లు కుచ్చుల్లోంచి నూగు లేచింది, దూదేకులవాడి కొట్టు పేలినట్టు. నీలిమ జడ తెల్లబడింది. పట్టుచీరలన్నీ గొర్రెపిల్లలయ్యాయి. రోహన్ ఉంగరం పట్టుకుని చెయ్యి చాపాడు, ముక్కు ఎగబీల్చాడు, ఇల్లదిరేలా తుమ్మాడు. ఉంగరం ఎగిరి గడ్డిలో పడింది.

"అపశకునం" అన్నారెవరో. నీలిమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అందరూ వెతకడానికి వంగారు. రోహన్ బామ్మగారు లేవడానికి ఆసరాగా ఒక రెల్లు కాడ పట్టుకుంది. అది చేతిలోకి వచ్చేసింది. ఇంకోటి పట్టుకుంది. అదీ వచ్చేసింది. రెండు చేతుల్లో రెండు రెల్లు కాడలతో ఆవిడ నిలబడి అడిగింది:

"వసంతా, మీ అమెరికా మొక్కలకి వేళ్ళుండవుటే?"

వసంతగారు వంగి చూసింది. మోళ్ళు చూసింది, తీగలు చూసింది, గుండ్లు చూసింది. ఎవరి పనో ఎవరికీ అర్థం కాలేదు. పిల్లలో, జింకలో, తోటపనివాళ్ళో అని తలోమాట అంటున్నారు. నోరు మూసుకుని ఉంటే ఈ కథ జింకల మీదికి పోయేది. అంతలో నీలిమ "దొరికింది!" అని అరిచి, మోళ్ళ మధ్యనుంచి ఉంగరం పైకెత్తింది.

"చూశారా!" అన్నాను నేను, ఛాతీ విరుచుకుని. "అంత నున్నగా కోశాను కాబట్టే దొరికింది!"

అన్ని తలలూ నా వైపు తిరిగాయి. సుభద్ర తన చీర మీది నూగు ఏరుకోవడం మొదలుపెట్టింది. ముందు నవ్వింది నీలిమే, కళ్ళలో ఆ నీళ్ళతోనే. తరవాత రోహన్ నవ్వబోయి మళ్ళీ తుమ్మాడు. ఉంగరాన్ని ఈసారి పిల్లే గట్టిగా పట్టుకుని, తన వేలికి తనే తొడుక్కుంది.

వసంతగారు నవ్వలేదు. నా దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. తాళం ఇచ్చేశాను.

"అన్నయ్యగారూ, ఈసారి ఊరెళ్తే ఇల్లు తెరిచిపెట్టే వెళ్తాం. దొంగలొచ్చినా ఫర్వాలేదు. వాళ్ళు టీవీ పట్టుకుపోతారు గాని, సాయం చెయ్యరు."

కనుక, సూర్యచంద్రులు సాక్షిగా, ఎడిసన్ పుర ప్రజలందరూ వినేలా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై నాది కాని పెరట్లో పండినది గాని, ఎండినది గాని, ఊరికే వంగి నిలబడినది గాని కొయ్యను. అడగని సాయం చెయ్యను. ఆఖరికి నా గడ్డమైనా సుభద్ర అనుమతి లేకుండా గీసుకోను.