ముందు పెరుగు అడిగేవాడు

రేపల్లెలో మా పక్కింటి రిటైర్డ్ హెడ్‌కానిస్టేబుల్‌గారు పిలిచినా పిలవకపోయినా ప్రతి పెళ్లికీ వెళ్లేవారు. వధూవరుల మొహం చూసేవారు కారు. బంతిలో ఎవరు ఏం తింటున్నారో చూసుకుంటూ తిరిగేవారు.

కారణం ఒక పాత కేసు. తెనాలిలో సైకిళ్లు బాగుచేసే ఒకాయన బాపట్ల వెళ్లొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరి, మళ్లీ కనిపించలేదు. ఆయన భార్య చెప్పిన ఆనవాలు ఒక్కటే: భోజనం పెరుగన్నంతో మొదలుపెట్టి పప్పన్నంతో ముగిస్తాడని.

"మనిషి పేరు మార్చుకుంటాడు, గడ్డం పెంచుకుంటాడు. తిండి తీరు మాత్రం మారదయ్యా," అనేవారు హెడ్డుగారు.

"దొరికితే ఏం చేస్తారు బాబాయ్‌గారూ?" అని అడిగాను ఓసారి.

"కేసు ఎప్పుడో మూసేశారు, ఇప్పుడేం చేస్తాను? ఎందుకెళ్లిపోయావురా అని అడుగుతా. ఆవిడకి చెప్పాలిగా."

మొన్న చలికాలంలో హెడ్డుగారు పోయారు. పెద్దకర్మ భోజనాల్లో నేను పప్పు వడ్డిస్తున్నాను. చివరి బంతిలో ఒక ముసలాయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, "ముందు పెరుగెయ్యమనండి," అన్నాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. అడగవలసిన ప్రశ్న నాకు కంఠతా వచ్చు. ఆయన తలెత్తి నా వైపు చూశాడు.

"అలాగేనండి. పప్పు ఆఖర్న తెస్తాను," అన్నాను.