కట్ట లోపలి నీటి గీత

మా ముత్తాత నర్సింగరావు, తాత రంగారావు తరిగొప్పుల చుట్టుపక్కల ఊళ్ళకు దేశ్‌ముఖులు. వాళ్ళు గడీ, అంటే కోటలాంటి మా ఇల్లు, దాటి వస్తే బజారులో ఎవరూ చెప్పులతో నిలబడేవారు కాదు. 1952లో నేను అక్కడికే చెరువుల ఇంజినీరుగా వెళ్ళేసరికి మా భూములను కమ్యూనిస్టుల సంఘం రైతులకు పంచేసింది. గడీ ఖాళీగా ఉంది.

వానాకాలం చివర. చెరువు నిండింది, వరి పొట్ట మీద ఉంది. తాత వెట్టి చేయించి పోయించిన కట్ట బయటి వాలు తడిసి మెత్తబడుతోంది. తూము ఎత్తి చెరువు ఖాళీ చేయమని పై ఆఫీసరు ఉత్తర్వు.

సంఘం మనిషి కొమురయ్య కట్ట మీదే ఎదురయ్యాడు.

“తూము ఎత్తితే పంట పోతది. ఎత్తకపోతే కట్ట తెగి కింది గూడెం కొట్టుకపోతది. మీ కాయిదం ఏమంటది, ఇంజినీర్ సాబ్? దొర అనం, ముందుగాల్నే చెప్తున్న.”

“ఇంకా ఏమనలే. జర ఆగు.”

“మీ తాత గింత ఆలోచన చేసుంటే మా నడుములు మిగులుతుండె.”

నేను బసకు వెళ్ళి లెక్కకు కూర్చున్నాను.

మట్టికట్టలో ఊరే నీటికి ఒక పై హద్దు ఉంటుంది. దాన్ని సీపేజ్ లైన్ అంటాం. ఆ గీత తెలిస్తే లోపలి పీడనం లెక్కకు వస్తుంది. కానీ పీడనం తెలిస్తే గాని గీత తేలదు. అందుకని ఒక గీత ఊహించి, దాని కింది భాగాన్ని గళ్ళుగా విడదీసి, ప్రతి మూలలోని పీడనం చుట్టూ ఉన్న నాలుగు మూలల సగటుకు చేరేదాకా సవరిస్తూ పోవాలి. ఇది రిలాక్సేషన్ పద్ధతి. చివరికి గీత మీద పీడనం సున్నా కాకపోతే, గీతను జరిపి మళ్ళీ మొదలుపెట్టాలి.

నా లెక్క కుదురుకోలేదు. ఎన్నిసార్లు చేసినా కట్ట అడుగు దగ్గర తేడా మిగిలేది. నీరు సరిగ్గా అడుగునే బయటపడుతుందని నేనే ముందు గీసి పెట్టుకున్నాను. ఆ చివరను కూడా కదలనిచ్చి చేస్తే, అది వాలు మీదికి, మోకాలెత్తుకు జరిగి నిలిచింది. వెళ్ళి చూశాను. తడి మొదలైంది అక్కడే. ఇక అడుగున రాక్ టో, అంటే నీటిని లోపలే లాగేసే రాళ్ళ పేర్పు, ఉన్నట్టు పెట్టి మళ్ళీ చేశాను. గీత వాలును తాకకుండా కట్ట లోపలే ఉండిపోయింది. అంటే రాళ్ళు పేరిస్తే చాలు, తూము ఎత్తనక్కర్లేదు.

ఆఫీసరు లెక్కంతా చూశారు. “తూము ఎత్తకపోతే బాధ్యత నీది. పైకం ఇప్పట్లో రాదు” అన్నారు. బాధ్యత నాదేనని సంతకం పెట్టాను.

కొమురయ్యను పిలిచి, రాళ్ళు మోయాలన్నాను.

“వెట్టికా?”

“కూలికి.”

“సర్కారు ఇస్తదా?”

“నేనిస్త.”

“గట్లయితే మనుషుల తెస్త. మీరు సుత నిలబడాలె. నీడల గాదు.”

ఎండలోనే నిలబడ్డాను. రాళ్ళు పేర్చాక వాలు ఆరింది, కట్ట నిలిచింది, వరి కోశారు. తెలియని హద్దును ముందే గీసి, లెక్కను దానికి లొంగమనకూడదని, దాన్ని కూడా లెక్కే తేల్చాలని ఆ ఏడు నేర్చుకున్నాను. కూలి డబ్బు కోసం గడీ మేడ మీది టేకు దూలాలు అమ్మాను.