తిరుపాలమ్మ పాట పెట్టిన చిచ్చు

ఆళ్లగడ్డలో మా అత్తగారి వీధికి పోయి "పాట అల్లుడు" అని అడిగి చూడండి. పాలు తాగే పిల్లలు తప్ప అందరూ మా మామగారి ఇల్లు చూపిస్తారు. నాకు మద్దిలేటి అని చక్కటి పేరు ఉందన్న సంగతి ఆ వీధిలో ఎవరికీ పట్టదు. ఈ బిరుదు నాకు ఎట్లా వచ్చిందో ఇప్పుడు చెబుతాను. మీ ఇంట్లో పెళ్లి కావలసిన కుర్రవాడు ఎవరైనా ఉంటే వాడిని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. తన నిశ్చితార్థాన్ని తానే చేతులారా ఆపుకోవడం ఎట్లాగో ఇంత వివరంగా వాడికి ఇంకెవరూ చెప్పరు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. నంద్యాలలో మాకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను బిందెలు, గిన్నెలు అమ్మేవాడిని, కానీ నా అసలు విద్య వేరే. ఆడవాళ్ల పేర్లతో వచ్చిన పాటలన్నీ నాకు కంఠతా వచ్చు. సినిమా పాటలు, జాతరలో డీజేలు మోగించేవి, ఫోన్లలో ఊరూరా తిరిగే పల్లెపాటలు, ఏవైనా సరే. మీరు పేరు చెప్పడం ఆలస్యం, నేను పల్లవి అందుకునేవాడిని. బిల్లు రాయడానికి ఎవరైనా ఆడమనిషి పేరు చెబితే నాకు తెలియకుండానే నోట్లోంచి ఈల వచ్చేది. ఆమె తీసుకున్న బిందె అక్కడే పెట్టి ఎదురంగడికి పోయేది.

"గిన్నెలు అమ్ముతాండావా, కచేరీ చేస్తాండావా?" అని మా నాయన అడిగేవాడు. నేను జవాబు చెప్పేవాడిని కాదు. విద్వాంసులు విమర్శకులతో వాదనకు దిగరు.

ఈ పాటల మీద నేను చేసిన పరిశోధన మీకు కొంచెం చెప్పాలి. వీటిలో పిల్లవాడు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట నిలబడి ఉంటాడు. ఆ పిల్ల ఎప్పటికీ రాదు. వాడు పేరు పెట్టి బతిమాలుతూనే ఉంటాడు. మగవాళ్ల పేర్లతో పాటలు మాత్రం దేవుళ్లకూ, ఓట్లకు నిలబడినవాళ్లకూ తప్ప ఉండవు.

ఇట్లాంటి పండితుడికి ఆళ్లగడ్డ సంబంధం కుదిరింది. అమ్మాయి బీకాం చదివింది, చురుకైనది, నవ్వితే కళ్లు కూడా నవ్వుతాయి. నాకు చూసిన నిమిషంలోనే నచ్చింది. ఈ పిల్ల కాకపోతే నాకు పెళ్లే వద్దు అనేంతగా నచ్చింది. పేరు అడిగితే ఇంట్లో బుజ్జి అంటారని చెప్పింది. అసలు పేరు ఏమిటన్నాను. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, తిరుపాలమ్మ అంది.

ఆ సాయంత్రం నా ఫోనంతా వెతికాను. తిరుపాలమ్మ మీద ఒక్క పాట కూడా లేదు. ఊళ్లో పెళ్లిళ్లన్నీ చేయించే పురోహితుడి కొడుకు బ్రహ్మచారిగా మిగిలినట్టయింది నా పరిస్థితి. లోకంలో ఉన్న ఆడవాళ్లందరికీ పాటలు ఉండి, నాకు కాబోయే భార్యకు లేకపోవడమా?

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఒకసారి ఆ పేరు పెట్టి పిలవబోయాను. "ఆ పేరు మా ఇంట్లో ఎవురూ పలకరు. మీరూ పలకొద్దు" అంది బుజ్జి.

తెలివైనవాడైతే 'ఎందుకు' అని అడిగేవాడు. మూడక్షరాల మాట, దానికేమీ ఖర్చు కాదు. నేను అడగలేదు. పాతకాలం పేరని పిల్ల సిగ్గుపడుతోందని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. ఆ పేరును ఆళ్లగడ్డ అంతా మోగించి, ఆమె తల ఎత్తుకొని తిరిగేటట్టు చేయాలని తీర్మానించుకున్నాను.

వెంటనే రఫీ దగ్గరికి పోయాను. వాడు నాకు చిన్నప్పటి స్నేహితుడు, సైకిల్ షాపు మిద్దె మీద ఒక గదిలో పాటలు కట్టి రికార్డు చేస్తుంటాడు. పేరు విని వాడు తబలా పక్కకు పెట్టాడు.

"ఇంత పాత పేరు ఈ కాలం పిల్లకు ఊరికే పెట్టరు, మద్దీ. ఎవురిదో కనుక్కో" అన్నాడు.

నీకు తెలిసింది మ్యూజిక్కు, పెళ్లికూతుళ్ల సంగతి నీకేం తెలుసని కసిరాను. వాడికి అప్పటికే పెళ్లై ఇద్దరు పిల్లలు. మాటలు నేనే రాశాను. నవ్వకుండా చదవండి.

*తిరుపాలమ్మా, ఓ తిరుపాలమ్మా,*
*నంద్యాల బస్టాండులో నిలబడినానమ్మా!*
*జిలేబి పొట్లం చేతిలోనే చల్లారె,*
*నువ్వు దిగే బస్సు ఏదమ్మా?*

*నీ నల్లజడ చూసి నాగుబాము దాగె,*
*నీ పండ్ల వరుస చూసి జొన్నకంకి సిగ్గుపడె,*
*ఇంట్లోన చెప్పొద్దు, ఎవురికీ చెప్పొద్దు,*
*గోడ దూకి వచ్చెయ్ తిరుపాలమ్మా!*

నిశ్చితార్థం ఆళ్లగడ్డలో, వాళ్ల ఇంటి ముందు షామియానాలో. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకొని పోయినట్టు అంటారు. పిల్లి అయితే ఒకటే, అదీ మెల్లగా అరుస్తుంది. నేను రఫీని, వాడితో నా ఎత్తున్న రెండు స్పీకర్లను ఆటోలో వేసుకొని పోయాను.

ముందు వరుసలో బుజ్జి వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, కూర్చొని ఉంది. ఎనభై దగ్గర పడిన మనిషి. ఆమె మాటకు ఆ ఇంట్లో ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు ఎదురు చెప్పరు. పక్కనే తాత చేతికర్ర మీద గడ్డం ఆనించుకొని ఉన్నాడు. ఇంటికి పెద్దది కాబట్టి తాంబూలం పళ్లెం జేజి ఒడిలో పెట్టారు. ఆమె తన చేత్తో మా వాళ్లకు అందిస్తేనే మాట ఖాయమైనట్టు. పదకొండున్నర దాటితే మంచి ఘడియ ఉండదని అయ్యవారు హెచ్చరించాడు. పదకొండు కావడానికి ఇంకా పది నిమిషాలు ఉంది. ఇదే సమయమని నేను రఫీకి కన్ను గీటాను.

'తిరుపాలమ్మా' అనే మొదటి కేకకే షామియానాలో మాటలన్నీ ఆగిపోయాయి. పెద్ద కోడలు, అంటే నాకు కాబోయే అత్తగారు, చెంగు నోట్లో కుక్కుకొని లోపలికి పరుగెత్తింది. రెండో ఆమె రెండు చెవులూ మూసుకుంది. ఆనందం పట్టలేకపోతున్నారని నేను అనుకున్నాను. బుజ్జి నా వైపు చూస్తూ చేయి గట్టిగా ఊపింది. ఆపమని ఊపుతోందట. నేను కూడా తిరిగి ఊపాను.

పాట సాగుతున్నకొద్దీ నాకు ఒక సంగతి అర్థమైంది. నేనొక్కడినే బుజ్జిని చూస్తున్నాను. మిగిలిన అందరూ జేజిని చూస్తున్నారు. నల్లజడ అన్నప్పుడు ఆమె తలమీది నిమ్మకాయంత తెల్లముడిని చూశారు. పండ్ల వరుస అన్నప్పుడు ఆమె నోటిని చూశారు. ఆ నోట్లో కింద రెండే పళ్లు ఉన్నాయి. గోడ దూకి వచ్చెయ్ అన్నప్పుడు మాత్రం ఎవరూ ఎటూ చూడలేదు, తలలు వంచుకున్నారు.

బుజ్జి చిన్నాన్న లేచి వచ్చి నా భుజం మీద చేయి వేశాడు. ఆ చేయి బరువు నాకు ఇప్పటికీ గుర్తే.

"ఆ పాట ఆపప్పా. అది మా అమ్మ పేరు. మా ఇంట్లో కోడండ్లు ఆ పేరు నోట పలికింది లేదు, మేమూ పలకం. నువ్వు స్పీకర్లు పెట్టి ఆమెను గోడ దూకమంటాండావ్."

అయ్యా, నేను అడగని ఆ మూడక్షరాల మాటకు జవాబు ఇదీ. మనవరాలికి జేజి పేరు పెట్టుకోవడం మా వైపు ఆనవాయితీ. కానీ అత్త పేరును కోడలు పలకకూడదు. పలికి పిల్లను తిట్టిందనుకోండి, అత్తను తిట్టినట్టే. అందుకని పేరును బడి రికార్డులో దాచిపెట్టి, ఇంట్లో బుజ్జి అని పిలుచుకుంటారు. నాకూ ఈ ఆనవాయితీ తెలుసు. మా అక్కకు కూడా మా జేజి పేరే. వెయ్యి పాటలు పట్టిన బుర్రలో ఈ చిన్న సంగతికి చోటు లేకపోయింది.

రఫీ వైర్లు పీకేశాడు. తా దూర కంత లేదు మెడకో డోలు అన్నారు, నువ్వు రెండు డోళ్లు కట్టుకొచ్చినావు కదరా అని మా నాయన పళ్లు కొరికాడు. మా అమ్మ పోయి, పిల్లోడు తెలియక చేసినాడని అందరి గడ్డాలూ పట్టుకుంటోంది. నేను మాత్రం జేజి ఒడిలోని పళ్లేన్నే చూస్తున్నాను. అది తిరిగి లోపలికి పోయిందంటే బుజ్జి నాకు లేనట్టే.

అప్పుడు తాత కర్ర ఊతంతో లేచాడు.

"ఏ బస్టాండులో నిలబడినాడప్పా వాడు?"

వెనకనుంచి ఎవరో నంద్యాల అన్నారు.

"తిరుపాలమ్మ యాడికీ రాదని చెప్పండి వానికి" అన్నాడు తాత.

జేజి మెల్లగా తల తిప్పి ఆయనను కిందినుంచి పైదాకా చూసింది.

"నా పేరు నీకు తెలుసునా?"

"తెలుసు."

"అరవై ఏండ్లు 'ఏమే, ఇట్రా' అంటివి. తెలియదేమో అనుకుంటి. తెలిసినోడివి పిలవలేదేంటికి?"

"అవసరం రాలేదు" అన్నాడు తాత.

"వాడెవుడో నా కోసరం జిలేబి పట్టుకొని నిలబడినాడంట. నువ్వు యాడ నిలబడినావ్?"

తాత బాగా ఆలోచించి, "చేన్లో" అన్నాడు.

జేజి తాంబూలం పళ్లెం తీసి కుర్చీ కింద పెట్టుకుంది. ఆయన తన చేత్తో జిలేబి తెచ్చేదాకా అది బయటికి రాదని తేల్చి చెప్పింది. కొడుకులు బతిమాలారు, అయ్యవారు వేలి మీద ఘడియలు లెక్కపెట్టి చూపించాడు. ఆమె దంచిన ఆకు, వక్క బుగ్గన పెట్టుకొని కూర్చుంది. ఇక చేసేదేముంది, తాతను బుజ్జి చిన్నాన్న మోటారుసైకిలు ఎక్కించుకొని నేనే బజారుకు బయలుదేరాను. నిశ్చితార్థం రోజున పెళ్లికొడుకు కొత్తబట్టలతో, వెనక కాబోయే మామ నాయనను పెట్టుకొని మిఠాయి కోసం తిరగడం ఆళ్లగడ్డలో అదే మొదలు.

జిలేబీ సాయంత్రం కానీ వేయరట. రెండు అంగళ్లలో అదే మాట. మూడో అంగడాయన కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆయన జాలిపడి పొయ్యి వెలిగించాడు. పిండి కలిపేలోపల తాతకు ఒక స్టూలు తెచ్చి వేశాను. కూర్చోలేదు.

"కూచుంటే ఎట్లప్పా? నిలబడాలంట కదా" అన్నాడు.

అట్లాగే కర్ర మీద రెండు చేతులూ పెట్టి, నూనెలో తిరిగే జిలేబీ చుట్లను చూస్తూ నిలబడ్డాడు. ఆ ముఖం చూస్తే నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి. నేను రాసిన పిల్లవాడు ఏ బస్టాండులోనూ ఇంత నిజంగా నిలబడి ఉండడు.

పదకొండూ ఇరవై ఏడుకు తిరిగి వచ్చాం. తాత పొట్లం విప్పి జేజి ముందు చాచాడు. ఆమె ఒక చుట్టు విరిచి నోట్లో వేసుకొని, పాకమంతా చప్పరించి, పాకం తక్కువైందని చెప్పింది. తర్వాత కుర్చీ కింది పళ్లెం తీసి మా అమ్మ చేతిలో పెట్టింది. బుజ్జి నా వైపు చూసి మొదట పళ్లు కొరికి, తర్వాత కళ్లతో నవ్వింది.

పెళ్లైంది. పేరు సంగతి అడిగితే, నేను కూడా ఆమెను బుజ్జి అనే పిలవాలి. అల్లుడు జేజిని పేరు పెట్టి పిలుస్తాడా అంటారు. నేను కట్టించిన పాటలోని ఒక్క ముక్క కూడా నా పెళ్లాం కోసం పాడుకునే భాగ్యం నాకు లేదు.

పెళ్లైన నెలకు తాత ఒంటరిగా నంద్యాల బస్సెక్కి మా అంగడికి వచ్చాడు. బిందెల మధ్య కూర్చొని, మా నాయన టీ చెప్పడానికి బయటికి పోయేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"పాటలో నిలబడినోడి పేరేంది?"

వాడికి పేరు లేదన్నాను.

"ఊరూ పేరూ లేనోడు మా ఇంటామెను పిలిచేదేంది? వాణ్ని తీసేసి నన్ను పెట్టు. బస్టాండు గూడా ఆళ్లగడ్డది పెట్టు. గోడ దూకేది వద్దు, మోకాళ్లు నొప్పి ఆమెకు."

రఫీ మూడు రోజులు కష్టపడి కొత్త పాట కట్టాడు. తాత తన పేరు తానే రెండుసార్లు సరిచూసుకున్నాడు. ఆదివారం మేమందరం ఆళ్లగడ్డ పోయి, జేజిని మంచం మీద కూర్చోబెట్టి వినిపించాం. తాత తలుపు పక్కన కర్ర పట్టుకొని నిలబడ్డాడు. పాట అయిపోయింది. జేజి తలుపు పక్కనున్న తాతను ఒకసారి చూసింది.

"ఈయన రోజూ ఈడనే ఉంటాడు కదప్పా, ఈయన కోసరం బస్సెక్కేదేంటికి?" అంది. "ఆ నంద్యాల పిల్లోని పాట పెట్టు."

అందుచేత, మా అంగట్లోని నాణ్యమైన బిందెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ ఆడమనిషి పేరుతోనూ పాట కట్టించను. ఎవరైనా ఒక పేరు పలకవద్దంటే, ఎందుకని అడగకుండా నోరు తెరవను. ఎంత బతిమాలినా సరే, ఆ నంద్యాల పిల్లోని పాట ఆ ఇంట్లో మళ్లీ పెట్టను, తాత చేనికి పోయినప్పుడు తప్ప.