చూడకుండా రాసిన నెగెటివ్

ఏడేళ్లుగా ఒక రిపోర్టు నా గుండె మీద బండలా కూర్చుంది. నా పేరు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే మీకెందుకు రాస్తాను? ఆమెకే చెప్పేవాణ్ణి.

జగిత్యాలలో ఓ ల్యాబులో టెక్నీషియన్‌ని. మనిషి రక్తంలోని యాంటీబాడీలు సొంత కణాల మీదే తిరగబడుతున్నాయా అని చూసే పరీక్ష నాది. కణాలు అతికించిన స్లైడు మీద రోగి రక్తంలోంచి తీసిన సీరం వేస్తాం. ఆపైన పచ్చగా మెరిసే రంగుమందు. మైక్రోస్కోపులో కణం నడిమి కేంద్రకం వెలిగిందా, అనుమానం గట్టిదే. ప్రతి స్లైడులో ఒక గడిలో, జబ్బుందని ముందే తెలిసిన సీరం కూడా వేస్తాం. అది వెలగకపోతే స్లైడు మొత్తం చెత్తబుట్టకే.

ఆ రోజు అది వెలగలేదు.

ఎట్లా వెలుగుతుంది? రంగుమందు సీసాను ముందురోజు కిటికీ పక్కన ఎండలో మరిచింది నేనే. చెబితే ఓనర్ అందరి ముందూ కడిగేస్తాడు. తిట్లకు భయపడ్డాను. అంతే, ఇంకే గొప్ప కారణమూ లేదు. అన్ని పేర్ల ఎదుటా నెగెటివ్ అని రాసేశాను.

వాళ్లలో ఒకామె రాయికల్‌లో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే పిల్ల. కీళ్లనొప్పులు, చెంపల మీద ఎర్రమచ్చలు. రిపోర్టు అందుకున్న ఆమె అత్త నా ముందే అంది: "ఏం లేదట, సూడు. ఇగ నకరాలు బంజేసి చాట ముందలేసుకో." పిల్ల నా ముఖంలోకి చూసింది. నేను కాగితాలు సర్దుకున్నాను. డాక్టరూ ఆ రిపోర్టునే నమ్మి నొప్పి గోళీలిచ్చి పంపాడు.

మూడేళ్లకు బస్టాండులో తనే నన్ను గుర్తుపట్టింది. ముఖం ఉబ్బిపోయింది. కిడ్నీలు పోయాయట, వారానికి రెండుసార్లు డయాలసిస్.

"మీరు గప్పుడు మంచిగనే సూసిండ్రు సారూ. ఏం లేకుండె. గీ రోగం తర్వాతనే అచ్చింది. నా కర్మ."

"అవునమ్మా," అన్నాను.

అవునట! నాలుక ఎట్లా తిరిగింది నాకు? పొరపాటు జరిగిందని ఇన్నాళ్లూ నన్ను నేనే జోకొట్టుకున్నాను. ఛీ, పొరపాటా అది? అప్పుడే మళ్లీ పరీక్ష చేసి, ముదిరితే కిడ్నీల దాకా పాకే ఆ జబ్బు బయటపడి, మందు వేళకు పడి ఉంటే ఆమె కిడ్నీలు మిగిలేవా? మిగిలేవేమో. ఆ 'ఏమో' చాటున దాక్కుంటున్నానని కూడా నాకు తెలుసు.

మంగళ, శుక్రవారాల్లో ఆమె అక్కడే బస్సు దిగుతుంది. ఆ రోజుల్లో నేను అటు పోను.

ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నిజంగానే ఆడుతోంది. ఆమె మాత్రం ఇంకా తన కర్మనే తిట్టుకుంటోంది.