ముర్తుజా ప్రూఫు

“భాయ్, అది చూసి ఎవరన్నా కంప్యూటర్లో కొడితే హార్డ్ డిస్కు మొత్తం చెరిగిపోద్ది,” అన్నాడు శ్రీకర్ ముర్తుజాతో, చంకలో పాపను ఎత్తుకొని. కంప్యూటర్ అభిమానుల సంఘం నెలనెలా వేసే పత్రికలో, అతని వ్యాసంలోని ఒక కమాండులో, పెన్‌డ్రైవ్ పేరు ఉండాల్సిన చోట హార్డ్ డిస్కు పేరు పడింది. ఆన్‌లైన్ ప్రతిలో నిమిషంలో దిద్దేశాడు. అచ్చయిన అరవై ప్రతులు మాత్రం అప్పటికే ఇళ్ళకు చేరాయి.

ఆ పత్రిక నడిపే ముర్తుజా నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు నుదుటికెక్కించి, ప్రూఫు కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని, అందులోని ప్రతి కమాండునూ ఒక పాత కంప్యూటర్లో ఒంటి వేలితో కొట్టి చూశాకే అచ్చుకు పంపుతాడు. ఈ నెల అతను జ్వరంతో పడుకుంటే ఆ పని శ్రీకర్ తీసుకున్నాడు. పాప ఏడుస్తుంటే తెర మీదే చదివి పంపేశాడు.

“సంఘం గ్రూపులో మెసేజ్ పెట్టాగా భాయ్?”

“నెట్టు సరిగా లేకేగా వాళ్ళు కాగితం తెప్పించుకునేది! ఏం చదివావయ్యా కంప్యూటర్ సైన్సు? పాపను వాళ్ళమ్మకిచ్చొచ్చి బండెక్కు.”

రెండు రోజులు ఊరూరా తిరిగి, ప్రతి పత్రికలోనూ ముర్తుజా పెన్నుతో తప్పు దిద్దాడు. దుర్గిలో మాత్రం ఆలస్యమైంది. శిల్పాలు చెక్కే ధనుంజయరావు అప్పటికే ఆ కమాండు కొట్టేశాడు. పదేళ్ళుగా కంప్యూటర్లో గీసి పెట్టుకున్న విగ్రహాల నమూనాలన్నీ పోయాయి. శ్రీకర్ నోరు తెరవబోతుంటే ముర్తుజా ఆపాడు. “తప్పు నాదన్నా. చూడకుండా వదిలా. డిస్కు ఇవ్వు, దొరికినకాడికి తీస్తా.”

సగమే దొరికాయి. వాటిని తిరిగిచ్చి వస్తూ ముర్తుజా అన్నాడు: “ఆన్‌లైన్‌లో పెట్టేదైనా ముందు కాగితం మీద తీయి. అది చూసి నీ చేత్తో కొట్టు. నీ డిస్కు బతికితేనే జనానికి చూపించు.”

శ్రీకర్ ఇప్పుడు అలా కొట్టి చూడకుండా ఒక్క లైను కూడా బయటికి పంపడం లేదు.